రెండు గంటలు ఉడికిన చేప

చిరంజీవి పిడుగుకి,

అమ్మ ముందు దీవించి, ఆ వెంటనే కోప్పడి రాస్తున్నది. ఇక్కడ మీ నాన్న, నానమ్మ, నేను ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు కూడా బాగుండాలంటే ఈ ఉత్తరం ఆఖరి పేజీ దాకా చదువు. నీకు రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ "అమ్మా, మళ్ళీ మొదలెట్టకు" అని టక్కున పెట్టేశావు. ఎదుటివాళ్ళ మాట మధ్యలో ఫోన్ పెట్టేసే రోగం మీ నాన్న వైపు నుంచి వచ్చింది, మా వైపు ఎవరికీ లేదు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవుగా. కోపమొచ్చి చింపినా, తర్వాత ముక్కలేరుకుని మరీ చదువుతావు. నీ సంగతి నాకు తెలియదూ!

నువ్వు కొరియర్లో పంపిన ఉత్తరం, ఫారం మొన్న చేరాయి. మా కంపెనీవాళ్ళ 'ఎలర్జీ లేని చేప'ను మొట్టమొదట రుచి చూడబోయే ఇరవై మందిలో నువ్వొకడివట. వచ్చే నెల ఇరవై రెండున తింటావట. చిన్నప్పుడు నీకు మొదటిసారి ఎలర్జీ వచ్చిన రోజు దగ్గరున్న పెద్దవాళ్ళెవరైనా, నువ్వు రాసింది నిజమేనని సంతకం చెయ్యాలట. దానికి అమ్మ కావలసి వచ్చింది నీకు. చదవగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చింపబోతే మీ నాన్న చేతిలోంచి లాక్కుని, కుర్చీలో వేసి, దాని మీద కూర్చున్నారు. "నీ కోపం దిగాక లేస్తాను" అన్నారు. పాపం, భోజనాల వేళ దాకా అలాగే కూర్చున్నారు.

సరే, ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను. నా మోకాలు నా మాట వినడం లేదు, ఈ ఇంట్లో మిగతావాళ్ళలాగే. మీ నాన్న రిటైరైన మర్నాడే బాగుచేస్తానని గోడ గడియారం విప్పారు. నాలుగు నెలలైంది. ఇప్పుడు గోడకి మేకు ఉంది, భోజనాల బల్ల మీద గడియారం ఉంది, టైమెంతయిందో ఎవరికీ తెలియదు. నీ గది అలాగే ఉంచాం, నీ పాత సైకిల్ చక్రం మాత్రం తీసి పారేశాను, తిట్టుకోకు. నారింజ పళ్ళ మాట కూడా రాశావు, "నువ్వు స్కూలు డబ్బాలో పెట్టిచ్చినట్టు, ఒక్క తెల్ల పీచు లేకుండా ఇక్కడెవరూ ఒలవరమ్మా" అని. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆఖర్న ఒక ముక్క గీకావు, "ముసలావిడ ఎలా ఉంది?" అని. నోరు తిన్నగా రానీ. నానమ్మ అను. ఆవిడకి ఎనభై నాలుగు నిండాయి. ఎడమ కన్ను సరిగ్గా కనబడదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని బఠానీలు ఒలుస్తూ, పోస్టు వచ్చిందా అని రోజూ అడుగుతుంది. నీ ఉత్తరం వస్తే చదివి వినిపించమంటుంది. నీ ఉత్తరాల్లో ఆవిడ ఊసే ఉండదు కనక నేనే కల్పించి చదువుతాను. "నానమ్మ చలికి తిరగొద్దు అని రాశాడత్తయ్యా" అంటాను. ఆవిడ నవ్వేసి, "వాడు రాయడులే. నువ్వు మాత్రం బాగా చదువుతావు" అంటుంది.

ఈసారి కల్పించడం కూడా నా వల్ల కాలేదు. ఫారంలో నాలుగో గడిలో నువ్వు రాసిన ముక్కలు చూశాను. 'మా నానమ్మ సగం ఉడికిన చేపని బలవంతంగా నోట్లో కుక్కింది. ఆ వేళ్ళు నాకింకా గుర్తున్నాయి.' ఇరవై నాలుగేళ్ళయినా ఆ వేళ్ళని నువ్వు మర్చిపోలేదు. సరే, ఆ గడి దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు ఈ చేప కథేమిటో నీకు తెలియాలి.

మా కంపెనీ పెద్దని మేమంతా మొప్పలాయన అంటాం. అబద్ధం చెప్పేముందు రెండు బుగ్గలూ మొప్పల్లా తెరుచుకుని మూసుకుంటాయి. ఆయన నీకు ఉత్తరం రాశాడని నీ ఫారం చూస్తేనే తెలిసింది నాకు. నీ అడ్రసు ఆయనకెలా తెలిసిందనుకున్నావ్? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, టీ తాగుతూ, మా అబ్బాయికి చేప పడదండీ, అందుకే ఈ పనిలోకి వచ్చాను అని చెప్పాను. కడుపులో మాట చెప్పుకుంటే, దాన్ని తీసుకెళ్ళి కరపత్రం మీద వేసుకుంటాడా! అచ్చుకి సిద్ధంగా ఉన్న కాగితం నిన్న నా బల్ల మీదకే వచ్చింది. 'మా శాస్త్రవేత్త కన్నకొడుకే మా మొదటి అతిథి' అట. కింద నీ ఫోటో. చొక్కా ఇస్త్రీ కూడా చేసుకోలేదు నువ్వు.

ఇప్పుడు చేప సంగతి విను. నువ్వు కోల్డ్ స్టోరేజీలో మెషిన్లు బాగుచేసేవాడివి, ఈ మాత్రం అర్థమవుతుంది. చేప కండ బిగిసి వెంటనే వదులవ్వాలి, లేకపోతే ఈదలేదు. ఆ వదులు చేసే పనికి పార్వాల్బుమిన్ అని ఒక ప్రొటీన్ ఉంది. నీ ఒళ్ళు శత్రువనుకునేది దాన్నే. దాన్ని తయారుచేసే జన్యువు ఒక్కటే ఉంటే కథ సులువు. కానీ కోట్ల ఏళ్ళ కిందట చేపల పూర్వీకుల్లో ఉన్న జన్యువులన్నీ ఒక్కసారిగా రెట్టింపయ్యాయి. ఆ తర్వాత కూడా ఇక్కడొకటి అక్కడొకటి నకళ్ళు పుడుతూ వచ్చాయి. కొన్ని చచ్చాయి, కొన్ని వేరే పని నేర్చుకున్నాయి, కొన్ని ఊరికే కూర్చున్నాయి. సొర చేపల వైపు ఒక శాఖ మిగిలింది, అది అంత ప్రమాదం కాదు. మనం తినే చాలా చేపల్లో నీలాంటివాళ్ళని ఏడిపించే శాఖే పెరిగింది.

ఉమ్మడి కుటుంబం అనుకో. మా చెరువు చేపలో అన్నదమ్ములు పదకొండుమంది. పెద్దవాళ్ళిద్దరే ఇంటి పనంతా చేస్తారు. మిగతా తొమ్మిదిమందిలో కొందరు చేప పసిగా ఉన్నప్పుడు పనిచేసి పడుకుంటారు, కొందరు అసలు లేవనే లేవరు. కంపెనీవాళ్ళేం చేశారంటే, ఆ పెద్దవాళ్ళిద్దరినీ ఇంట్లోంచి గెంటేసి, గుమ్మానికి 'లోపల ఎవరూ లేరు' అని బోర్డు కట్టారు. మరి ఇంటి పని ఎవరు చెయ్యాలి? చేప ఈదాలి కదా! నేను ఆ చేపల కండ తీసి చూశాను. ఏడోవాడు లేచి కూర్చున్నాడు. చేప పసితనం దాటగానే పడుకోవలసినవాడు, అన్నలు లేరని తెలిసి పని నెత్తినేసుకున్నాడు. వాడూ ఆ ఇంటి బిడ్డే, వాడి మొహమూ అన్నల మొహమే. నీ ఒళ్ళు వాణ్ణి గుర్తుపట్టదని ఎవరు చెప్పగలరు?

ఇదే మీటింగులో చెప్పాను. ఆ ప్రొటీను ఉంటే గీత పడే పరీక్ష పట్టీని మొప్పలాయన ఎత్తి చూపించాడు.

"చూడండి మేడమ్, గీత లేదు. సున్నా అంటే సున్నాయే కదా?"

"ఆ పట్టీకి తెలిసింది ఇద్దరే సార్. మిగతావాళ్ళు ఎదురుగా వచ్చి నిలబడినా అది గుర్తుపట్టదు."

"మీరు తల్లిలా మాట్లాడుతున్నారు. శాస్త్రవేత్తలా మాట్లాడండి."

"శాస్త్రవేత్తలా ఒకసారి మాట్లాడాను సార్, చాలా ఏళ్ళ కిందట. చాలు."

ఆయన బుగ్గలు తెరుచుకుని మూసుకున్నాయి. "ఇరవైమంది తింటారు, ఏమీ కాదు, అప్పుడు మీరే చప్పట్లు కొడతారు" అన్నాడు. మర్నాటి నుంచి నన్ను చేపల తొట్ల గదిలో నీళ్ళ వేడి చూసి రాసే పనిలో పెట్టారు. ఇరవయ్యేళ్ళు జన్యువులు చదివినదాన్ని, థర్మామీటరు ముంచి తీస్తూ కూర్చున్నాను.

నువ్వు ఎందుకు ఒప్పుకున్నావో కూడా రాశావు. నువ్వు పెళ్ళి చేసుకోవాలనుకుంటున్న ఆ అమ్మాయి వాళ్ళింట్లో తాతల నాటి నుంచి వలలు కట్టేవాళ్ళేనని, వాళ్ళ బల్ల దగ్గర నువ్వొక్కడివీ వేరే కంచం పెట్టుకుని కూర్చుంటే తల కొట్టేసినట్టు ఉంటుందని. "ఒక్కసారి అందరితో పాటు తినాలనుంది అమ్మా, అంతే" అని రాశావు. ఆ వాక్యం దగ్గర నా కోపం కాస్త తడబడిన మాట నిజం. కానీ ఒరేయ్, నువ్వు బంగాళాదుంపలు తిన్నందుకు పోయే పరువైతే పోనీ. వాళ్ళ బల్ల మీద నువ్వు గొంతు పట్టుకుని పడిపోతే ఆ పిల్ల జన్మలో మళ్ళీ ఆ బల్ల దగ్గర అన్నం తినగలదా? ఆ అమ్మాయికి ఈ ఉత్తరం చూపించు. నాకు సిగ్గేం లేదు. ఉండాల్సిన సిగ్గంతా ఇప్పుడే ఖర్చు పెట్టబోతున్నాను.

ఇరవై మందిని వాళ్ళు ఎలా ఏరారో ఫారం వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది. నువ్వు చదివి ఉండవు. నేను చదివాను. పచ్చిగానో సగం ఉడికిందో తిని జబ్బుపడ్డవాళ్ళనే తీసుకుంటారు. బాగా ఉడికిన చేపకి ఒళ్ళు తిరగబడ్డవాళ్ళని తీసుకోరు, వాళ్ళకి ప్రమాదం ఎక్కువట. అంటే నువ్వు ఆ జాబితాలోకి ఎక్కింది ఆ నాలుగో గడి వల్ల. సగం ఉడికింది అన్న ఒక్క మాట వల్ల.

పిడుగూ, ఆ మాట అబద్ధం.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఈ పేరా మూడుసార్లు రాసి కొట్టేశాను. నీకప్పుడు ఐదున్నరేళ్ళు. అంతకు నెల ముందు వంటింట్లో చేప గరిటె ఏదో నాకావు, పెదవి వాచింది. మీ నానమ్మ చూసి, "వీడికి చేప పడదే అమ్మాయ్. ముట్టనివ్వకు" అంది. నాకు నవ్వొచ్చింది. రసాయన శాస్త్రంలో నాకు బంగారు పతకం వచ్చింది మరి! గుడ్డు ఉడికితే గట్టిపడినట్టు, ఏ ప్రొటీనయినా వేడికి రూపం చెడిపోతుందని చదువుకున్నాను. బాగా ఉడకబెడితే ఏమీ కాదని నాకు తెలుసు. తెలుసు అనుకోలేదు, తెలుసు. ఆ తేడా ఇప్పుడు తెలుస్తోంది.

మీ నాన్న డ్యూటీలో ఉన్నారు. మీ నానమ్మ కూరగాయలకి వెళ్ళింది. నేను చేప ముక్కని రెండు గంటలు ఉడకబెట్టాను, ల్యాబు గడియారం పక్కన పెట్టుకుని మరీ. ముళ్ళు తీసి, మెత్తగా చిదిమి, బంగాళాదుంపలో కలిపి, కొలిచి ఒక్క చెంచా నీ నోట్లో పెట్టాను. పెట్టిన టైము నోటు పుస్తకంలో రాసుకున్నాను. అత్తగారు ఇంటికొచ్చాక ఆ పుస్తకం చూపించి, చూశారా, మూఢనమ్మకం అంటే ఇదీ అనాలని. నా గొప్ప అదీ. నా కన్నకొడుకుని ఒక వాదంలో గెలవడానికి వాడుకున్నాను.

ఆ పాడు ప్రొటీను వేడికి చెడదు. వేడి తగ్గగానే మళ్ళీ తన రూపానికి వచ్చేస్తుంది. అది నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ పూట నీ పెదాలు నీలంగా అయితే కొయ్యబారిపోయి నిలబడ్డాను, చేతిలో చెంచా కూడా కింద పెట్టలేదు. తలుపు తీసుకుని వచ్చింది మీ నానమ్మే. సంచీ పడేసింది. నీ దవడ పట్టుకుని నోరు తెరిచి వేళ్ళు లోపలికి పెట్టి కక్కించింది. నిన్ను భుజాన వేసుకుని, చెప్పుల్లేకుండా, వీధి చివర ఆసుపత్రికి పరిగెత్తింది. నేను వెనకాల పరిగెత్తాను. నీకు గుర్తున్న వేళ్ళు అవేరా. అవి చేప పెట్టిన వేళ్ళు కావు.

డాక్టరు, "ఏం పెట్టారు? ఎవరు పెట్టారు?" అని గద్దించాడు. మీ నాన్న అప్పుడే వచ్చారు. నాకు నోరు రాలేదు. మీ నానమ్మ నా వైపు చూసింది. "నేనే పెట్టాను బాబూ. సరిగ్గా ఉడకలేదేమో" అంది. మీ నాన్న అందరి ముందూ కన్నతల్లిని నోటికొచ్చినట్టు తిట్టారు. ఆవిడ తల వంచుకుని వింది. తర్వాత వరండాలో నేను ఆవిడ కాళ్ళ మీద పడి, ఎందుకన్నారత్తయ్యా అలా అంటే, కోపంగా కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"పిచ్చిదానా, వాడు రేపు ఎవరి చేతి ముద్ద తినాలి? నీ చేతిదే కదా! నా చెయ్యంటే భయపడ్డా వాడు పెరుగుతాడు. నీ చెయ్యంటే భయపడితే ఎలా పెరుగుతాడే?"

అంతే. ఆవిడ ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నువ్వు ఆవిణ్ణి చూస్తే నా వెనక దాక్కునేవాడివి. ఆవిడ ఇచ్చిన బిస్కట్టు కిటికీలోంచి పారేసేవాడివి. నేను చూస్తూ ఊరుకున్నాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఇరవై నాలుగేళ్ళు నెట్టుకొచ్చాను. ఇక నారింజ పళ్ళ సంగతి. ఒక్క పీచు లేకుండా ఒలవడానికి నాకెక్కడిది ఆ ఓపిక? ఆవిడే ఒలిచి, డబ్బాలో సర్ది, నా చేతికిచ్చి, "నువ్వు ఒలిచావని చెప్పు, తింటాడు" అనేది. నేను అలాగే చెప్పేదాన్ని.

నీ కోసమే ఈ చదువు చదివానని ఊరంతా నన్ను మెచ్చుకుంటుంది. నేరం చేసినవాడు ఆ చోటికే మళ్ళీ మళ్ళీ వెళ్తాడంటారే, అలా వెళ్ళాను నేను. మీటింగులో మొప్పలాయన పట్టీ ఎత్తి చూపిస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయిందని రాశానా? ఆయన మీద సగమే. ఆ పట్టీ పట్టుకున్న చెయ్యి, చెంచా పట్టుకున్న నా చెయ్యిలాగే ఉంది. అదే ధీమా, అదే నవ్వు.

మీ నాన్నకి నిన్ననే చెప్పాను. గడియారం ముల్లు వేళ్ళ మధ్య పట్టుకుని విన్నారు. నన్నేమీ అనలేదు. తర్వాత లేచి వెళ్ళి, వాళ్ళమ్మ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని బఠానీలు ఒలిచారు. ఆయన ఒలిచినవాటిలో సగం తొక్కలే.

ఫారం ఇందులో పెట్టాను. నాలుగో గడిలో నువ్వు రాసింది ఎర్ర సిరాతో కొట్టేసి, 'రెండు గంటలు ఉడికిన చేప. పెట్టింది తల్లి' అని రాసి, దాని కింద సంతకం చేశాను. నా సంతకం కావాలన్నావుగా, తీసుకో. ఇప్పుడు వాళ్ళ నియమమే నిన్ను వాళ్ళ బల్ల దగ్గరికి రానివ్వదు. దీని నకలు ఒకటి మొప్పలాయనకి పంపాను. ఏడోవాడి లెక్కలన్నీ జతచేసి, ఆహార తనిఖీ ఆఫీసుకి ఇంకొకటి పంపాను. మిగతా పంతొమ్మిదిమందికీ తల్లులున్నారు. రేపటి నుంచి తొట్ల గది కూడా నాకు ఉండదు. థర్మామీటరు వాళ్ళకే ఇచ్చేశాను.

ఈ ఉత్తరం రాస్తున్నానని పొద్దున మీ నానమ్మకి చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నావా? చేతిలో బఠానీలు విసిరికొట్టింది.

"ఇన్నేళ్ళు దాచింది బూడిదలో పోశావు కదే! ఇప్పుడు వాడు ఎవరి చేతి ముద్ద తింటాడు?"

"వాడికి ఇరవై తొమ్మిదేళ్ళత్తయ్యా. వాడి చేత్తో వాడు తింటాడు."

ఆవిడ ఒళ్ళో మిగిలిన బఠానీలు మళ్ళీ ఒలవడం మొదలెట్టింది. తర్వాత, "అయితే నారింజలు నేనే ఒలిచేదాన్నని కూడా రాశావా?" అని అడిగింది. రాశానన్నాను. "మంచిది" అంది.

నా మీద నీకు ఎంత కోపమొస్తే అంత కోపం తెచ్చుకో. నేను భరిస్తాను, నాకు బాకీయే అది. నాకు జవాబు రాయకపోయినా పర్లేదు. ఆవిడకి మాత్రం వేరే కవరులో, ఆవిడ పేరున, నీ చేత్తో రాయి. పెద్ద అక్షరాలతో రాయి, కుడి కన్ను ఒక్కటే పనిచేస్తోంది. ఈసారి నేను చదివి పెట్టను, ఆవిడే చదువుకోవాలి.

ఇట్లు,
నీ నోట్లో ఆ చెంచా పెట్టిన
అమ్మ